మాస్టారి ఆకలి

కేబుల్ యార్డు,
గేటు పక్క గది

మామయ్యకి,

నువ్వు వెళ్లి నెల దాటింది. నేను ఇంకా ఈ కాపలా ఉద్యోగంలోనే ఉన్నాను. అమ్మకి చెబితే నమ్మలేదు. ఫోను గేటు దగ్గర పెట్టి దాని కిర్రు చప్పుడు వినిపిస్తే అప్పుడు సరేనంది.

మీ శిబిరంలో ఫోన్లు లాగేసుకుంటారంటే నవ్వొచ్చింది. కొండలో సొరంగం తవ్వుకోవడానికి అంత రహస్యమేముంది? బడి మానేశాక నేను పెన్ను పట్టింది లేదు. నీ పుణ్యమా అని ఇప్పుడు పట్టాను. తప్పులుంటే నువ్వే సర్దుకో.

యార్డు మామూలే. రాగి కేబుల్ చుట్టలు వస్తున్నాయి, పోతున్నాయి. మాస్టారు గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్లని హోంవర్కు చెయ్యని పిల్లల్ని చూసినట్టు చూస్తున్నారు. కుక్కకి ఆ పేరు పెట్టినందుకు నీకు దండం పెట్టాలి. బడి నుంచి పారిపోయినా నాకు మాస్టారు మాత్రం తప్పలేదు.

ఒక్క సంగతి. ఆయన నీళ్లు తెగ తాగుతున్నారు. బకెట్ నింపి అటు తిరిగేసరికి అడుగు కనిపిస్తోంది. పడుకున్న చోటే పోసేస్తున్నారు, లేచి సిగ్గుపడి మూలకి పోతున్నారు. తిండి కూడా అంతే. గిన్నె నాకి, ఆ గిన్నెనే యార్డంతా తోసుకుంటూ తిరుగుతున్నారు. పొట్ట కిందికి జారింది. ఎండల వల్లేమో అనుకున్నాను. నువ్వేమంటావు?

నీ అల్లుడు

*

సొరంగం పని శిబిరం,
కొండ మీద

ఒరేయ్ పాదరసం,

ఎండల వల్ల కాదు, నీ వల్ల. కుక్కకి పొట్ట ఎందుకు వస్తుంది? పనీపాటా లేకుండా తింటే వస్తుంది. నువ్వు తింటూ వాడికి పడేస్తున్నావు. కాదని రాయకు, నిన్ను ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును. గదిలో పోస్తున్నాడంటే నువ్వు పొద్దున్నే లేచి తిప్పడం లేదని. వాడికి కాదురా సిగ్గుండాల్సింది.

సాయంత్రం అయ్యాక నీళ్లు తీసెయ్యి. తిండి సగం చెయ్యి. గోడ చుట్టూ పరిగెత్తించు, నువ్వు కూడా పరిగెత్తు, ఇద్దరి పొట్టలూ తగ్గుతాయి.

ఇక్కడ పిల్లకుక్కలు బాగున్నాయి. మందుగుండు సామాను కొట్టుకి కాపలా అంటే ఆషామాషీ కాదు. పెద్దింజనీరు నన్ను పిలిచింది ఒక్క మాట మీద. నా కుక్క పరాయి చేతి తిండి ముట్టదు. మాస్టారికి ఆ చదువు చెప్పడానికి మాంసానికి చేదు రాసి ఎంతమంది చేత విసిరించానో నీకు గుర్తుండే ఉంటుంది. రెండు రోజులు పస్తు పెట్టినా నేలమీది ముక్క వాసన కూడా చూడలేదు వాడు. నా చెయ్యి, నీ చెయ్యి. మూడో చెయ్యి లేదు. ఆ పేరు మీదే నేను బతుకుతున్నాను. పాడుచెయ్యకు.

మామయ్య

*

కేబుల్ యార్డు,
గేటు పక్క గది

మామయ్యకి,

నువ్వు చెప్పినట్టే సాయంత్రం నీళ్లు తీసేశాను. మాస్టారు తలుపు గీకారు, మూలిగారు. తరవాత చప్పుడు లేకపోతే పడుకున్నారనుకున్నాను. తీరా చూస్తే నేల తుడిచే బకెట్లో మూతి పెట్టి ఆ మురికి నీళ్లు తాగేస్తున్నారు. నా వల్ల కాలేదు. నీళ్లు మళ్లీ పెట్టేశాను. తిట్టుకుంటే తిట్టుకో.

పరిగెత్తించమన్నావు. సగం గోడ తిరిగేసరికి కూలబడి నాలుక బయటపెట్టి ఎగరొప్పుతున్నారు. కూర్చున్నా ఒగర్పే. నడుం రెండు పక్కలా వెంట్రుకలు ఊడి చర్మం కనిపిస్తోంది, పాత గొడుగు గుడ్డలా పల్చగా. బ్రష్ చెయ్యడం లేదంటావని ముందే చెబుతున్నాను. చేస్తున్నాను.

అసలు సంగతి ఇది కాదు. ఎలా రాయాలో తెలియక బకెట్లు రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం యార్డులో దొంగలు పడ్డారు. నాకు సగం రోజు సెలవు కదా. తిరిగొచ్చేసరికి గేటు తీసి ఉంది, రాగి చుట్టలు ఒక లారీకి సరిపడా లేవు. మాస్టారు గేటు పక్కనే పడుకుని ఉన్నారు. చచ్చిపోయారనుకుని మీద పడ్డాను. ఊపిరుంది. నిద్రమాత్రలు కలిపిన రొట్టె పెట్టారు, ముక్కలు కొన్ని, మాత్రల రేకుతో సహా, వాళ్లు పడేసిన సంచిలో మిగిలాయి. సాయంత్రానికి లేచి తూలుకుంటూ నడిచి, ముందు గిన్నె దగ్గరికే వెళ్లారు.

నువ్వెక్కడున్నావని ఓనరుగారు అడిగారు. ఊరంతా తిరిగానన్నాను. ఎవరైనా చూశారా అన్నారు. నాకు కాలు ఒకచోట నిలవదు కదా మామయ్యా, ఎక్కడా ఆగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. వంతెన దాకా పోయి వచ్చాను. వంతెన సాక్ష్యం చెప్పదు.

అల్లుడు

*

శిబిరం

పాదరసం,

ఒక్కటే అడుగుతున్నాను. ఆ రొట్టె మాస్టారు ఎవరి చేతిలోంచి తిన్నాడు?

నువ్వు ఇంతకుముందు మానేసిన పనుల గురించి నేనెప్పుడైనా నిలదీశానా? మెకానిక్ షెడ్డు, ప్రింటింగ్ ప్రెస్సు, పడవల రేవు. మీ అమ్మ ఏడుస్తుంటే కుర్రాడు కుదురుకుంటాడులే అన్నది నేనే. ఇది అలాంటిది కాదు. ఎవరైనా నిన్ను బెదిరించారా? స్నేహితులెవరైనా ఆశ పెట్టారా? ఉంటే ఇప్పుడే చెప్పు. ఏదో ఒకటి చేద్దాం.

మామయ్య

*

కేబుల్ యార్డు

మామయ్యకి,

నీ ఉత్తరం వచ్చిన రోజే ఓనరుగారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. బల్ల మీద ఇంకో ఉత్తరం ఉంది. నీ చేతిరాత నాకు తెలియదా?

"మీ మామ ఏం రాశాడో వింటావా?" అని ఆయనే చదివారు. "నా కుక్క రెండు చేతుల తిండే తింటుంది. ఆ రెంటిలో ఒకటి ఇక్కడ కొండ మీద నా దగ్గరే ఉంది."

చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "రెండోది ఎవరిదిరా?" అన్నారు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. దొంగ కూడా అలాగే పెట్టుకుంటాడేమో.

నాకు రాసిన ఉత్తరంలో ఏదో ఒకటి చేద్దాం అన్నావు. చేసేసి ఆ మాట రాశావన్నమాట. రాసేముందు నన్ను ఒక్కసారి అడగాల్సింది.

బీమా ఆఫీసరు వచ్చి చూసి వెళ్లేదాకా పోలీసులకి ఇవ్వనన్నారు. ఆయన వచ్చేనెల మొదట్లో వస్తాడట. అప్పటిదాకా ఊరు దాటకూడదు. పారిపోతానని అందరూ ఎదురుచూస్తున్నారు. రెండు నెలలు ఒకచోట ఉండనివాణ్ణి, ఇప్పుడు కదిలితే దొంగని. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రేపు మాస్టారిని పశువుల కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. నిన్నటి నుంచి గోడకి నుదురు ఆనించి నిలబడుతున్నారు. తప్పు చేసిన పిల్లల్ని నిలబెడతారే, అలాగ. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను.

అల్లుడు

*

కేబుల్ యార్డు

మామయ్యకి,

నీ జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను. ఇది నీకు తెలియాలి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మా అక్క వయసుంటుంది. "కుక్క నీదేనా?" అంది. "కాదండి, నేను శిష్యుణ్ణి" అన్నాను. నవ్వలేదు. అప్పటికే మాస్టారి పొట్ట నొక్కుతోంది, చర్మం చిటికెతో పట్టి చూస్తోంది. "నీళ్లు ఎక్కువ తాగుతుందా? పడుకున్న చోటే పోస్తుందా? ఎంత పెట్టినా ఆకలేనా?" అని నేను చెప్పకముందే చెప్పేసింది. నేను నీకూ ఇవే రాశాను. నువ్వు నన్ను చూశావు, ఆవిడ కుక్కని చూసింది.

మూత్రం పట్టారు. రక్తం తీసి, ఏదో సూది వేసి, గంటాగి మళ్లీ రక్తం తీశారు. పొట్టకి స్కాన్ చేశారు. చివరికి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నా రెండు కళ్ల మధ్య వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ లోపల, మెదడు కింద, శనగగింజంత గ్రంథి ఉంటుంది. పిట్యూటరీ అంటారు. మిగతా గ్రంథులకి అదే మేస్త్రి. దాని మీద గడ్డ లేచింది. గడ్డకి చాలు అనడం తెలియదు. మూత్రపిండాల పక్కన రెండు గ్రంథులుంటాయి. పని చెయ్యండి, పని చెయ్యండి అని వాటి వెంట పడుతూనే ఉంటుంది. అవి కార్టిసాల్ అనే రసాన్ని ఊరిస్తూనే ఉంటాయి. దాహం, ఆకలి, ఒగర్పు, పొట్ట, వెంట్రుకలు, అన్నీ అందుకే."

"అంటే నేను సరిగ్గా చూసుకోక కాదా?"

"నువ్వు నీళ్లు ఆపకపోవడం వల్లే ఈమాత్రం ఉంది."

మామయ్యా, నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు బయటికి చూశాను. అక్కడ చూడ్డానికేమీ లేదు, సైకిల్ స్టాండు.

తరవాత అడగాల్సింది అడిగాను. "ఆకలంటే ఎంత ఆకలండి? నేర్పించిన కుక్క కూడా పరాయి వాళ్లు రొట్టె పెడితే తినేస్తుందా?"

"పొట్ట నిండినా ఆకలేసే జబ్బు ఇది. నేర్పింది ఎక్కడో ఉంటుంది, ఆకలి దాన్ని తొక్కేస్తుంది. మొన్న ఒకావిడ కుక్క బట్టలసబ్బు తినేసింది. నువ్వు రొట్టె గురించి అడుగుతున్నావు."

మూడో చెయ్యి అక్కర్లేదు మామయ్యా. ఏ చెయ్యైనా చాలు. ఓనరుకి ఆ ఒక్క ముక్క రాయి. నేను చెబితే వినరు, నేనే దొంగని కదా. నువ్వు చెబితే వింటారు.

వచ్చేవారం కాలేజీలోనే తలకి స్కాన్ తీస్తారు. పిల్లలకి పాఠం చెప్పడానికి ఇలాంటి కేసు దొరకదట. ఇన్నాళ్లకి మాస్టారు నిజంగా కాలేజీలో పాఠం చెప్పబోతున్నారు.

అల్లుడు

*

శిబిరం
(మా బండిలో వచ్చే మనిషి చేత పంపుతున్నాను)

పాదరసం,

చదివాను. డాక్టరమ్మ చెప్పిన జబ్బు ఉండొచ్చు. కాదనను, నేను డాక్టర్ని కాను. కానీ ఆకలి గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఆ కుక్కని పస్తు పెట్టి, ముందు మాంసం పెట్టి, పక్కన కూర్చున్నవాణ్ణి నేను. చొంగ కారుతున్నా తల తిప్పుకున్నాడు వాడు. అప్పుడు లేనిది ఇప్పుడెలా వస్తుంది?

నిన్ను కాపాడుకోవడానికి నోరులేని దాని మీద నెట్టకు. ఇంతకంటే ఏం రాయలేను.

ఇంకో మాట. నా కుక్క ఎవరి చేతిదైనా తింటుందని నేను ఓనరుకి రాస్తే, ఆ మాట ఇక్కడిదాకా రావడానికి ఎంతసేపు? ఇక్కడ పది పిల్లలున్నాయి, నా మాట మీద పెంచుతున్నవి.

మామయ్య

*

కేబుల్ యార్డు

మామయ్యకి,

తల స్కాన్ అయింది. శనగగింజంత ఉండాల్సింది గోలీకాయంత ఉంది. అందుకే గోడకి తల ఆనిస్తున్నారు, పిలిస్తే ఆలస్యంగా తిరుగుతున్నారు. మాత్రలు మొదలుపెట్టాం, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండితోనే వెయ్యాలి. ఆ మాత్ర రసాన్ని తగ్గిస్తుంది కానీ గడ్డని కరిగించదు. గడ్డకి రేడియేషన్, అదే కరెంటు పెట్టించాలి, ఆ మిషన్ ఇక్కడ లేదు. అది ఉన్న ఆస్పత్రికి డాక్టరమ్మ రాసింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. మాత్ర ఎక్కువైతే రసం పూర్తిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుందట. "తినడం మానేసినా, వాంతి చేసుకున్నా, లేవకపోయినా మాత్ర ఆపి పరిగెత్తుకు రా" అంది. మొన్నటిదాకా తింటున్నారని భయం. ఇప్పుడు తినరేమోనని భయం. గిన్నె పెట్టి గుండె చిక్కబట్టుకుని కూర్చుంటున్నాను.

బీమా ఆఫీసరు ఈ శుక్రవారం వస్తున్నాడు.

నీకొకటి చెప్పాలి. నాకు నీ ఉత్తరంతో పనిలేదు. దారిన పోయేవాణ్ణి ఎవణ్ణో పిలిచి, ఓనరు ఎదురుగా మాస్టారికి రొట్టె పెట్టిస్తే చాలు, క్షణంలో తేలిపోతుంది. మొన్న ఓనరు కాలు మీద కాలేసుకుని బిస్కెట్లు తింటున్నప్పుడు నా నోటిదాకా వచ్చింది, మీరే పెట్టి చూడండి అని. మింగేశాను.

ఎందుకో చెబుతాను, నిన్ను రాయమన్నప్పుడు నాకిది తట్టలేదు. పోయినేడాది వెనక షెడ్డు కుక్కకి కాలు విరిగినప్పుడు ఓనరు ఏమన్నారో నీకు తెలుసు. "కాపలా కాయని కుక్కకి కూడెందుకు? సూది వేయించు." కొన్నవాడు ఆయన, అమ్మినవాడివి నువ్వు. మధ్యలో నాకేం హక్కుంది? నేను బయటపడ్డ రోజే మాస్టారి పని అయిపోతుంది. పైగా కొండ మీద నీ పని కూడా.

నీకు రాసినంత ధైర్యంగా లేను.  లాకప్ అంటే నాకు భయం. నాలుగు గోడల మధ్య క్లాసులోనే కూర్చోలేకపోయినవాణ్ణి.

శుక్రవారం దాకా ఆగుతాను. ఆ తరవాత ఏం చేస్తానో నాకే తెలియదు. నువ్వైతే ఏం చేస్తావో రాయి. నమ్మినా నమ్మకపోయినా రాయి.

అల్లుడు

*

శిబిరం

ఒరేయ్ అల్లుడూ,

ఇది నీకు శుక్రవారం లోపు చేరాలని బండిని మామూలు రోజు కంటే ముందే పంపించాను. ఓనరు ఉత్తరం కూడా అదే సంచిలో ఉంది. ముందు ఆయనది ఇచ్చి తరవాత నీది ఇవ్వమన్నాను.

పోయినసారి నీకు ఉత్తరం తెచ్చిచ్చిన మనిషి మా సామాన్ల బండి డ్రైవరు. నిన్ను నమ్మనని రాసి, కవరు అంటించి, ఆయన చేతికిస్తూ ఒక మాట చెప్పాను. "గేటు దగ్గర నల్ల కుక్క ఉంటుంది. మా వాడు లోపలికెళ్లాక సందులోంచి రొట్టె ముక్క చూపించు. నోరు విప్పకు, బుజ్జగించకు" అని. పరీక్ష కుక్కకి పెట్టానో నీకు పెట్టానో నాకే తెలియదు.

తిరిగొచ్చి చెప్పాడు. "తిన్నదండీ. వేళ్లు నాకింది. రొట్టె చుట్టిన ఖాళీ కవరు కూడా లాక్కుంది." మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. మూతి ఎలా పెట్టిందో చూపించమన్నాను. చూపించాడు. "కాపలా కుక్క అన్నారు, ఎంత చనువండీ, తోక కూడా ఊపింది" అన్నాడు మెచ్చుకోలుగా.  పక్కనున్న పీపా మీద కూర్చున్నాను.

అయినా రెండు వారాలు ఓనరుకి రాయలేదు. అది కూడా నువ్వు తెలుసుకోవాలి. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. పొద్దున్నే పిల్లకుక్కల ముందు నిలబడేవాణ్ణి, పాఠం చెప్పకుండానే తిరిగొచ్చేవాణ్ణి. నీ చివరి ఉత్తరం వచ్చాక కూర్చుని ఇలా రాశాను. "నేను రాసింది తప్పు. కుక్కకి తలలో గడ్డ ఉంది. ఇప్పుడు ఎవరి చేతిదైనా తింటుంది, మీ చేతిది కూడా. మా అల్లుడి మీద నేను వేసిన నింద నాది, అతనిది కాదు. కుక్కని సూది దగ్గరికి పంపొద్దు. దాని బదులు నేనొచ్చి కాపలా కాస్తాను, ఇంకో కుక్కని తయారుచేసిచ్చేదాకా."

పెద్దింజనీరుకి నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే వీటికి కూడా ఎప్పుడో జబ్బు రావచ్చుగా" అన్నాడు.  నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నాడు.

నేనైతే ఏం చేస్తానని అడిగావు. నేనైతే నింద పడ్డ రోజే ఎవరి చేతో రొట్టె పెట్టించి బయటపడేవాణ్ణి. అదే నా సిగ్గు.

కోపంగా ఉందా?

మామయ్య

*

అమ్మ ఇల్లు,
వెనక వరండా

మామయ్యకి,

శుక్రవారం నీ ఉత్తరం చదివి ఓనరుగారు కుర్చీలోంచి లేచారు. బీమా ఆఫీసరు ఎదురుగానే బిస్కెట్ పట్టుకుని గేటు దగ్గరికి నడిచారు. నేను కళ్లు మూసుకున్నాను. మాస్టారు తినేశారు. ఓనరు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని నన్ను చూశారు. క్షమించమని అడుగుతారేమో అనుకున్నాను. "దీన్ని సాయంత్రానికల్లా తీసుకుపో" అన్నారు. "సూది?" అన్నాను. "మీ మామని పనిలోకి రమ్మను" అన్నారు. అంతే. దొంగ ఎవరో ఇంకా తేలలేదు. నేను కాదని మాత్రం తేలింది.

ఇప్పుడు వరండాలో ఉన్నాం. అమ్మ ముందు గొణిగింది, ఇప్పుడు ఆయన పడుకున్నాక అడుగు తీసి అడుగు వేస్తోంది. బకెట్లో సగం నీళ్లు మిగులుతున్నాయి. నిన్న గిన్నెలో నాలుగు మెతుకులు వదిలేశారు. మాత్ర ఆపి డాక్టరమ్మ దగ్గరికి మోసుకుంటూ పరిగెత్తాను. రక్తం చూసి, "ఏం కాలేదు, కడుపు నిండింది" అంది. కడుపు నిండటం నేను ఇన్నాళ్లకి చూశాను. కరెంటు పెట్టేచోట పేరు ఎక్కించారు. పిలుపు రావాలి. ఈలోగా గడ్డ పెరగొచ్చు, పెరగకపోవచ్చు, ఆవిడ మాటివ్వలేదు.

కోపంగా ఉందా అని అడిగావు. ఉంది. ఓనరుకి రాసినందుకు కాదు, అది నీ వృత్తి గర్వం, అర్థం చేసుకోగలను. మన ఇంటి మనిషి కాని డ్రైవరు వచ్చి చెబితే నమ్మి పీపా మీద కూలబడ్డావు. నేను అన్ని ఉత్తరాలు రాశాను.

ఇంక దీని గురించి రాయను. నువ్వూ రాయకు.

నెలాఖరుకి రా. నీ మంచం వరండాలోనే వేస్తాను. బండి దిగి నేరుగా మీద పడిపోకు, మాస్టారు ఉలిక్కిపడతారు. కాస్త దూరంలో, ఎదురుగా నిలబడి పిలువు. వెంటనే తల తిప్పరు, కసురుకోకు. నువ్వేనని ఆనవాలు పట్టడానికి ఆయనకి టైం పడుతుంది.

నాకూ పడుతుంది. నిలబడే ఉండు.

అల్లుడు